రెండు జానలా బెత్తెడు

రైలు ఇంకా పూర్తిగా ఆగనే లేదు, ఇన్‌స్పెక్టరు గారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"వచ్చేసింది మహానగరం. బోర్డు చూడక్కర్లేదు, వాసన చాలు" అన్నారు.

ఆయన పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఏళ్ల తరబడి హోటళ్ల వంటిళ్లూ, మాంసం దుకాణాలూ, మురుగు కాల్వలూ తనిఖీ చేసీ చేసీ ఆయన ముక్కు ఆయనకన్నా ఓ అడుగు ముందు నడిచేది. ఊళ్లో జనం ఎదురుగా 'సార్' అనేవారు, వీపు తిరగ్గానే 'ఛీఛీ ఇన్‌స్పెక్టరు' అనేవారు. టీ గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, "ఛీ ఛీ" అనకుండా ఆయన ఏనాడూ టీ తాగి ఎరగరు. అన్నాక మాత్రం శుభ్రంగా తాగేవారు, అది వేరే సంగతి.

ఆయన భార్యను అందరూ టైలరమ్మ అనేవారు. బజారులో చిన్న కొట్టు, రెండు మిషన్లు. ఆడవాళ్ల కోట్లూ బడిపిల్లల యూనిఫారాలూ కుట్టేది. పొద్దస్తమానం పెదవుల కుడి కొసన గుండుసూదులు కరిచిపట్టి మాట్లాడడం అలవాటై, సూదులు లేనప్పుడు కూడా ఆవిడ మాట ఎడమవైపు సందులోంచే బయటికొచ్చేది. మిషను మీద వంగీ వంగీ కుడి భుజం కాస్త దిగింది. వీటన్నిటినీ మించిన అలవాటు ఇంకొకటి. మనిషి కనబడితే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే లేచి, గాల్లోనే ఆ మనిషి భుజాలకు జానలేసేది. "రెండు జానలు, మూడువేళ్లు" అని గొణిగేది. తరవాత టేపు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గారు కళ్లు తెరిచేసరికి కొత్త పెళ్లికూతురు ఆయన భుజానికి జానలేస్తూ కనబడిందట. ఆ సంగతి ఆయన ఇప్పటికీ విసుక్కుంటూనే చెబుతారు.

ఈ ప్రయాణం టైలరమ్మ కోరింది. జీవితంలో మొగుణ్ణి ఆవిడ కోరినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి. ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడింకా పాలపళ్ల వయసువాడు. ఆవిడ చేతుల మీదే పెరిగాడు, కొట్లో కత్తిరింపు బల్ల కిందే నిద్రపోయాడు. ఇప్పుడు ఈ నగరంలో పెద్ద నాటకశాలలో నటుడు. పోయినేడు వాడు ఫోను చేశాడు.

"అక్కా, నీ పాత నీలం కోటుంది చూశావూ, మోచేతులకు మాసికలేసుకున్నది? అచ్చం అలాంటిదే నా కొలతకు కుట్టి పంపవే. కొత్త నాటకంలో కావాలి."

"ఎవరి వేషంరా?"

"ఒక... తల్లిలాంటి మనిషి."

అంతే, ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. కొలత పంపనా అని వాడడిగితే, "నీ కొలత నువ్వు నాకు చెప్పేదేవిట్రా? రెండు జానలా బెత్తెడు" అంది. వచ్చిన పనులన్నీ పక్కన పడేసి ఆ కోటు కుట్టింది. మాసికలు కూడా తన కోటుకున్నచోటే వేసింది. ఆనాటి నుంచి బజారులో ఆవిడ దగ్గర బొత్తాం కుట్టించుకున్నవాడు కూడా ఆ కోటు కథ వినకుండా మెట్లు దిగలేదు. ఏడాదిగా నాటకం ఆడుతూనే ఉందనీ, జనం విరగబడుతున్నారనీ తెలిశాక ఆవిడకు ఒకటే ధ్యాస. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ దీపాల కింద ఆ కోటును తమ్ముడి ఒంటి మీద చూడాలి.

స్టేషనుకు తమ్ముడు వచ్చాడు. అక్కను కావలించుకుని బావగారి చేతిలో సంచులందుకున్నాడు. ఆవిడ జనం మధ్యలోనే వాడి భుజాలకు జాన వేసింది.

"సన్నబడ్డావురా! రెండు వేళ్లు తగ్గావు."

వాడు చటుక్కున అటూ ఇటూ చూసి ఆవిడ చెయ్యి కిందికి దించాడు. "ఇక్కడొద్దక్కా."

"నాటకం ఎప్పుడు చూపిస్తావు?"

"చూద్దువుగానీ. ముందు ఊరు చూడండి. టిక్కెట్లకు జనం కొట్టుకుంటున్నారు, రోజూ హౌస్‌ఫుల్లే."

ఇక చూడాలీ, ఆ ఊరు చూపించడం! రోజూ తెల్లవారగానే వాడు లాడ్జి తలుపు కొట్టేవాడు. కాలికి బలపం కట్టుకున్నట్టు సాయంత్రం దాకా తిప్పేవాడు. చీకటి పడేసరికి లాడ్జిలో దింపి నాటకానికి పరిగెత్తేవాడు. అక్కాబావలకు కాళ్లు పీకి, మంచం కనబడితే చాలనిపించేది. అంత ప్రేమగా తిప్పుతున్న మనిషిని ఏమంటారు? ఇన్‌స్పెక్టరు గారు మాత్రం అన్నారు. వాణ్ణి కాదు, ఊరిని.

రాజభవనం చూశారు. గైడు పాలరాతి స్నానాలగది చూపించి రాణిగారి వైభోగం ఏకరువు పెడుతుంటే ఇన్‌స్పెక్టరు గారు నేల మీద గొంతుక్కూర్చుని తూము వెతికారు.

"ఈ నీళ్లు ఎటు పోయేవి?"

గైడుకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా తోటలోకి అన్నాడు. "తోటలోకా! అంటే రాణిగారు ఒళ్లు తోముకున్న నీళ్లతో పెరిగిన కాయలు రాజుగారు తిన్నారన్నమాట. ఛీ ఛీ" అని ఆయన లేచారు. గుంపులో ఓ ముసలాయన అక్కణ్ణుంచి తోట చూడ్డానికి రానన్నాడు.

మ్యూజియంలో గడ్డి కూరిన జంతువులకు చెదపట్టింది. నది మీద పడవలో తిప్పారు, ఆ నది రంగు గురించి ఆయన అన్నమాటలు రాయకపోవడమే మంచిది. ఎత్తైన బురుజు ఎక్కారు. లిఫ్టులో పదిమంది చెమటా ఒకేచోట పీల్చి పైకెళితే, పైన గోడల నిండా పావురాల రెట్ట. కింద ఊరంతా బంగారంలా మెరుస్తోందని జనం ఆహా ఓహో అంటున్నారు. "అదంతా పొగ. ఎండ పడి మెరుస్తోంది. ఊపిరితిత్తుల్లోకి పోయాక మెరవదు" అన్నారీయన.

టైలరమ్మకు మాత్రం అన్నీ బాగానే ఉన్నాయి. బొమ్మల గదిలో ఏ రాజు విగ్రహం ముందు నిలబడినా చెయ్యి లేచేది. "మూడు జానలు! ఈయనకు కోటు కుట్టాలంటే గుడ్డ ఎంత పడుతుందో" అని పెదవి సందులోంచి నవ్వేది. ఒకచోట విగ్రహాన్ని ముట్టుకుంటోందనుకుని కాపలావాడు ఈల ఊదాడు. జనం తిరిగి చూశారు. ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది.

"చేతులు జేబులో పెట్టుకోవే! నలుగురూ చూస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అసయ్యంగా!"

ఆవిడ చేతులు జేబులో పెట్టుకుంది. పక్క విగ్రహం దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ బయటికొచ్చాయి.

నాటకం మాట ఆవిడ మరిచిపోలేదు. రోజూ అడిగేది. తమ్ముడు నోరు మూయించడానికి రెండు వేరే నాటకశాలలకు పాసులు తెచ్చాడు. మొదటిచోట ఒకతను నీళ్ల తొట్టిలో కూర్చుని ఆటంతా అందులోనే ఉన్నాడు. బతుకు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. విరామం అయ్యాక కూడా అవే నీళ్లు. "మార్చలేదు చూడు, మార్చలేదు. వాడికి గజ్జి పట్టకపోతే నన్నడుగు" అని ఇన్‌స్పెక్టరు గారు గొణుగుతూంటే ముందు వరసవాళ్లు ఉష్ అన్నారు. రెండోచోట పాటల నాటకం. ఆఖర్న ప్రేక్షకుల మీద మంచు కురిసింది. అందరూ చప్పట్లు. ఆయన ఒళ్లో పడ్డ కాగితం ముక్క వాసన చూశారు. నిన్న కురిసిందే ఊడ్చి ఇవాళ మళ్లీ కురిపించారు. ముక్కలతో పాటు ఒక పళ్లపుల్ల కూడా కురిసింది. దాన్ని రుమాల్లో చుట్టి, ద్వారపాలకుడికి చూపించి, గొడవపెట్టి మరీ బయటికొచ్చారు.

"రాజుగారి అంగీ చంకలో పిగిలింది, చూశారా? మనవాడి కోటు అలా పిగలదు" అంది టైలరమ్మ. "మరి మనదెప్పుడురా, తమ్ముడూ?"

"రేపు చూద్దాం అక్కా."

మర్నాడు ఊరు చూపించే బస్సులో వెళ్తుంటే, ఓ మలుపులో తమ్ముడు ఉన్నట్టుండి లేచి అటువైపు కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇటు చూడక్కా, గడియారం స్తంభం! ఎంత పాతదో!" టైలరమ్మ గడియారం చూసింది. ఇన్‌స్పెక్టరు గారు వాడి చంక సందులోంచి అటువైపు చూశారు. పెద్ద నాటకశాల. దాని నెత్తిన బోర్డు మీద నీలం కోటు వేసుకున్న మనిషి వీపు. బస్సు తిరిగిపోయింది.

ఆయనకు లోపల ఒళ్లు మండిపోయింది. దొరగారు పెద్దవాడైపోయాడు, పల్లెటూరి అక్కను తన నాటకశాల గుమ్మం తొక్కనివ్వడానికి సిగ్గు పడుతున్నాడు. ఇంతే, ఇంతకన్నా ఇంకేముంటుంది అనుకున్నారు. నగరంలో ఆయన చూసిన కుళ్లు అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆ మర్నాడు పొద్దున వాడు రైలు టిక్కెట్లతో వచ్చాడు. సాయంత్రం బండికి.

"ఎంత ప్రయత్నించినా సీట్లు దొరకలేదక్కా. ఈసారి వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చోబెడతాను. ఒట్టు."

"సరేలే నాన్నా. నీ పని నువ్వు చూసుకో" అంది ఆవిడ.

వాడు రిహార్సలుందని వెళ్లిపోయాక సర్దుకోవడం మొదలుపెట్టింది. శాలువా మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది. మళ్లీ విప్పింది. బజారుకు తిరిగెళ్లాక ఎంతమంది అడుగుతారో, ఎంతమందికి ఏం చెప్పాలో ఇన్‌స్పెక్టరు గారికి కూడా తెలుసు. ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చారు.

"ఎక్కడికండీ?"

"వాడి తాట తీయడానికి."

తిన్నగా నాటకశాల టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్లారు. లోపల ఒకావిడ గోళ్లకు రంగేసుకుంటోంది.

"హౌస్‌ఫుల్లా? ఎవరు చెప్పారండీ?" అందామె తలెత్తకుండా. "కింద నిండుతుంది గానీ, పైన బాల్కనీలో మీ ఇష్టం, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోండి."

ఇన్‌స్పెక్టరు గారికి నగరానికొచ్చాక మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. కల్తీ పాలు పట్టుకున్నప్పుడు కూడా ఆయనకు ఇలాగే ఉండేది. రెండు సీట్లు తీసుకున్నారు. స్టేషనుకు వెళ్లి రైలు మర్నాటి పొద్దుటికి మార్పించుకున్నారు. గదికొచ్చి టిక్కెట్లు మంచం మీద పడేశారు.

"ఇవిగో నీ తమ్ముడికి దొరకని సీట్లు! మనల్ని చూస్తే సిగ్గు దొరగారికి."

టైలరమ్మ టిక్కెట్లు చేతిలోకి తీసుకుని రెండువైపులా చూసింది. "వాడలాంటివాడు కాదండీ. ఏదో కంగారులో పొరపాటు పడుంటాడు" అంది. అంటూనే ముఖం కడుక్కోవడానికి పరిగెత్తింది.

ఆవిడకున్నది ఒకటే కోటు, ఆ పాత నీలం కోటు. దాన్నే దులిపి వేసుకుంది. మోచేతుల మాసికలు తడిగుడ్డతో తుడిచింది. ఎప్పటిలాగే కోటు అంచు లోపల దారమెక్కించిన సూది, నాలుగు గుండుసూదులు గుచ్చుకుంది.

నాటకశాల హాల్లోకి అడుగుపెట్టగానే జనం తిరిగి చూశారు. కొందరు మోచేతులతో పొడుచుకున్నారు. మంచి బట్టల్లో ఉన్న ఒకావిడ దగ్గరికొచ్చి కోటు మాసిక మీద వేలు పెట్టి, "అబ్బ, ఎంత సరదా మనిషండీ మీరు! అచ్చం అదే కోటు! ఎక్కడ సంపాదించారు?" అంది.

"నేనే కుట్టానండీ!" అంది టైలరమ్మ. ముఖం చేటంతయింది. మొగుడివైపు తిరిగి, "చూశారా? నా కుట్టు గుర్తుపట్టారు" అంది.

ఇన్‌స్పెక్టరు గారు తివాచీ వాసన చూస్తున్నారు. తివాచీని ఎన్నాళ్లుగా ఎండలో వెయ్యలేదో ఆలోచిస్తున్నారు. ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ బుర్రకెక్కలేదు.

బాల్కనీలో ముందు వరసలో కూర్చున్నారు. దీపాలు ఆరాయి. తెర లేచింది. స్టేజీ మీద ఓ డబ్బున్నవాళ్ల ఇల్లు. ఇంటి పెద్దాయన అప్పుడే పోయాడు, ఆ సంగతి దాచి ఆ పూటే కూతురి పెళ్లి చేసెయ్యాలని ఇల్లంతా హడావుడి. అంతలో తలుపు తట్టారు. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. తలుపు తెరుచుకోకముందే చప్పట్లు మొదలయ్యాయి.

నీలం కోటు లోపలికొచ్చింది.

"అదిగో! అదిగోనండీ, మన కోటు!" టైలరమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ దీపాల కింద రంగు ఎలా తేలిందో చూడండి!"

కోటులో ఉన్నది పెళ్లిబట్టలు కుట్టే దర్జీ మనిషి. కుడి భుజం దాదాపు నడుం దాకా వేలాడుతోంది. నోట్లో గుత్తెడు గుండుసూదులు. మాట ఎడమ చెవి కిందినుంచి వస్తున్నట్టుంది, ఒక్క ముక్క అర్థం కాదు, తను ఒకటడిగితే ఇంట్లోవాళ్లు ఇంకొకటి చేస్తున్నారు. ఎవరు ఎదురొస్తే వాళ్లకు జానలేస్తోంది. పనిమనిషికి వేసింది, పెళ్లికూతురికి వేసింది, గోడ గడియారానికి వేసింది. హాలు దద్దరిల్లింది. ఇన్‌స్పెక్టరు గారికి కడుపులో ఏదో కితకితలు పెట్టింది. ఎవరో బాగా తెలిసిన మనిషి. రోజూ చూసే మనిషి. ఎవరో తట్టేలోపలే నవ్వొచ్చేసింది. ఊరంతా తిరిగినన్నాళ్లూ ఆయన పెదవి కదలలేదు, అదంతా కట్టలు తెంచుకుంది. చివరికి ఆ మనిషి దుప్పటి తొలగించి, పోయిన పెద్దాయన్నే పెళ్లికొడుకనుకుని భుజానికి జానలేసి, "రెండు జానలా బెత్తెడు! కదలకు నాన్నా, సూది గుచ్చుకుంటుంది" అంది.

ఇన్‌స్పెక్టరు గారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తొడ చరుచుకున్నారు. కళ్లలో నీళ్లు కారిపోయాయి. భార్య చెయ్యి నొక్కుదామని పక్కకు చెయ్యి చాపారు. అక్కడ చెయ్యి లేదు.

తిరిగి చూశారు. టైలరమ్మ కుడి చెయ్యి గాల్లో ఉంది, జాన వెయ్యడానికి లేచి, సగంలో ఆగిపోయి. పెదవులు కుడి కొసన బిగుసుకుని ఉన్నాయి. స్టేజీ మీద ఆ మనిషి కూడా సరిగ్గా అలాగే నిలబడి ఉంది.

ఆయనకు నవ్వు నోట్లోనే చేదెక్కింది. ఎన్ని వంటిళ్లలో ఎన్ని పాచి గిన్నెలు చూశారో, ఏ గిన్నె చూసినప్పుడూ గొంతులోకి అంత చేదు రాలేదు.

"పద. పోదాం" అన్నారు.

"ఉండండి" అంది ఆవిడ. "అయిపోనివ్వండి."

ఆఖరి దాకా చూసింది. స్టేజీ మీది మనిషి కోటు అంచు తట్టుకుని పడిపోవడం చూసింది. టేపుతో ముక్కు తుడుచుకుంటూ భుజాలు ఎగరేసి ఏడవడం చూసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే తను కూడా లేచింది. వెనకవాళ్లకు అడ్డం కాకూడదన్నట్టు కాస్త పక్కకు జరిగి నిలబడింది.

వేషాల గది వెనక వీధిలోంచి దారి. గుమ్మం దగ్గరి మనిషి టైలరమ్మ కోటు చూసి, ఏదో నాటకం తాలూకు మనిషే అనుకుని నవ్వుతూ వదిలేశాడు. తమ్ముడు అద్దం ముందు కూర్చుని విగ్గు తీస్తున్నాడు. ఒంటి మీద కోటు ఇంకా ఉంది. అద్దంలో అక్క కనబడింది. వాడి ముఖాన నెత్తురు చుక్క లేదు.

"అక్కా... నేనే చెబుదామనుకున్నా..."

వాడే ఆపకుండా చెప్పుకుపోయాడు. "అది ప్రేమ అక్కా. నవ్వులాట కాదు. జనం ఆ మనిషంటే పడి చస్తున్నారు. రోజూ నిన్నే తలుచుకుని చేస్తున్నానే. నువ్వు లేకపోతే నేను లేను, ఈ నాటకమూ లేదు." భుజాలు ఎగరేసి ఏడ్చాడు. అచ్చం ఇందాక స్టేజీ మీద ఏడ్చినట్టే, అదే ఎగరడం, అదే ముక్కు చీదడం. ఏడుపులో కూడా వేషం తీయలేకపోయాడు.

టైలరమ్మ దగ్గరికెళ్లి కోటు కుడి భుజం తడిమింది. లోపలికి వేలు పోనిచ్చింది.

"ఈ దూది ఎవరు పెట్టారు? నా కుట్టు కాదిది."

"ఇక్కడి బట్టలవాళ్లు. బాల్కనీ దాకా కనబడాలని..."

"నా భుజం ఇంత కిందికుంటుందిట్రా?"

వాడు తల దించుకున్నాడు. ఆవిడ మొగుడివైపు చూసింది. "ఉంటుందాండీ?"

ఉండదు అనడానికి ఎంతసేపు కావాలి! ఊళ్లో ప్రతి గ్లాసులో మరక చూపించే మనిషి, ఆ క్షణాన తన చెప్పుల మీది దుమ్ము చూసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ అద్దంలోకి చూసుకుంది. చుట్టూ దీపాలు మిరుమిట్లు గొలుపుతున్నాయి. మెల్లిగా కుడి భుజం పైకి లాక్కుంది. అది నిలవలేదు. మళ్లీ లాక్కుంది.

అప్పుడే తమ్ముడి కోటు మీద ఓ బొత్తాం దారానికి వేలాడుతూ కనబడింది. ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ నేల మీద మోకాళ్లూనింది. తన కోటు అంచులోంచి గుండుసూదులు తీసి పెదవుల కొసన పెట్టుకుంది, గుడ్డ సర్ది గుచ్చింది, సూదితో బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడికి పంపేముందు నిలబడ్డట్టే వాడు చేతులెత్తి కదలకుండా నిలబడ్డాడు.

తలుపు తోసుకుని నాటకం యజమాని లోపలికొచ్చాడు. లావుపాటి మనిషి, చేతిలో గ్లాసు. నేల మీద టైలరమ్మను చూసి ఆగిపోయాడు. ఆ కోటు, ఆ భుజం, ఆ సూదులు. పగలబడి నవ్వాడు.

"ఓరి నీ! ఎవరయ్యా ఈవిడ? నీకన్నా బాగా చేస్తోంది! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు?"

అక్క తలెత్తి వాడి ముఖంలోకి చూసింది. సూదులు నోట్లోనే ఉన్నాయి.

"మా ఊరివాళ్లండీ" అన్నాడు వాడు. "బట్టలు కుడతారు."

టైలరమ్మ దారం కొరికేసింది. సూదులు ఒక్కొక్కటిగా తీసి అంచుకు గుచ్చుకుంది. లేవడానికి వాడు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, బల్ల పట్టుకుని లేచింది.

"అయిపోయింది. ఇక ఊడదు" అంది. గుమ్మం దాటింది.

ఇన్‌స్పెక్టరు గారు వాడి ఎదురుగా నిలబడ్డారు. ఇన్నేళ్లలో పోగుచేసిన తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి. "ఛీ" అన్నారు. ఒక్కటే వచ్చింది. అంటుండగా వాడి వెనక అద్దంలో తన ముఖం కనబడింది. నవ్వినప్పటి నీళ్లు కళ్ల కింద ఇంకా ఆరలేదు. గబగబా తుడుచుకుని బయటపడ్డారు.

పొద్దున రైల్లో టైలరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారు ఊరు దాటేదాకా తిడుతూనే ఉన్నారు. బావమరిది విశ్వాసం లేనివాడన్నారు, వాడి యజమాని తాగుబోతన్నారు, ఆ నాటకం చూసి నవ్వే జనానికి సిగ్గూ శరమూ లేవన్నారు. "మనిషి బతుకు చూసి నవ్వుతారా? ఏం మనుషులే! డ్రెయినేజీ నయం. మూత వేస్తే వాసన ఆగుతుంది" అన్నారు.

"మీరూ నవ్వారు" అంది ఆవిడ.

కోపంగా అనలేదు. ఏ బొత్తాం రంగు గురించో చెప్పినట్టు అంది. "మీరంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. మొదట నాకు సంతోషమేసింది, మిమ్మల్ని కూడా నవ్వించాడు మావాడు అని."

టీ అమ్మేవాడొచ్చాడు. ఆయన గ్లాసు అందుకుని, వెలుతురుకు పట్టకుండానే తాగేశారు.

ఓ స్టేషనులో ఎదురు సీట్లోకి ఒకాయన ఎక్కాడు. భారీ మనిషి. ఒంటి మీద కోటు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది, భుజాల దగ్గర ముడతలు, చేతులు పొట్టి. మామూలుగా అయితే ఈపాటికి ఆవిడ చెయ్యి లేచి ఉండాలి. ఇన్‌స్పెక్టరు గారు ఓరగా చూశారు. ఆవిడ రెండు చేతులూ శాలువా కింద ఉన్నాయి. ఆయన మోచేత్తో పొడిచారు.

"ఏమే, ఆ కోటు చూశావా? ఎంత దరిద్రంగా కుట్టారో!"

ఆవిడ చూసింది. తల తిప్పుకుంది.

ఆయన ఇంకా దగ్గరికి జరిగి, ఎప్పుడూ ఆవిణ్ణి అడగని మాట అడిగారు. "ఆయన భుజం ఎంతుంటుందంటావు? రెండు జానలా బెత్తెడు ఉంటుందా?"

శాలువా కింద ఏదో కదిలింది. మళ్లీ ఆగిపోయింది. టైలరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, రెండు పెదవులూ పూర్తిగా విడదీసి, ఒక్కో అక్షరం స్పష్టంగా పలికింది.

"నాకేం తెలుసండీ."